సిరీస్‌ల సమీక్షలు ఇంట్లో ఎంపికకు పనికి రావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక ప్రతి వారాంతంలోనూ వినోదం పేజీలో టీవీ చానళ్లలోనూ ఓటీటీల్లోనూ కొత్తగా మొదలవుతున్న సిరీస్‌ల పట్టికను ప్రచురిస్తోంది. పేరు, భాష, నటీనటులు, ఎప్పటి నుంచి ప్రసారమవుతుంది, ఎక్కడ దొరుకుతుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. రెండు మూడింటికి సమీక్ష కూడా ఉంటుంది, దాని అడుగున అయిదింటికి ఇన్ని స్టార్లని రేటింగ్ ఉంటుంది. ఆ పేజీని మా ఇంట్లో అందరం చదువుతాం. అయినా రాత్రి పనులన్నీ అయ్యాక టీవీ ముందు కూర్చుని ఏది చూద్దామన్న ప్రశ్న వచ్చేసరికి ఆ పట్టిక గానీ ఆ సమీక్షలు గానీ మాకు అక్కరకు రావడం లేదు. తెలిసినవాళ్ల ఇళ్లలోనూ ఇదే మాట వింటున్నాను. సినిమాను తూచే తూనికతోనే సిరీస్‌ను కూడా తూస్తున్నందువల్లే ఈ ఇబ్బంది వస్తోందని నా గట్టి నమ్మకం. సిరీస్‌ను ఎంచుకునేవారికి కథ ఏమిటి, ఎవరు నటించారు అన్నవాటికన్నా ముందు తెలియవలసినవి వేరే ఉన్నాయి. వాటి గురించి కాస్త వివరంగానే రాస్తున్నాను. స్థలం చూసి ప్రచురించగలరని ఆశిస్తున్నాను.

సినిమా అంటే రెండు, రెండున్నర గంటల వ్యవహారం. బాగోలేకపోతే ఒక సాయంత్రం పోతుంది, అంతటితో సరి. సిరీస్ విషయంలో ఇంటిల్లిపాదికీ చెందిన ఎంత కాలాన్ని దానికి అప్పగిస్తున్నామో ముందుగా తెలియాలి. బ్రిటిష్ హాస్య ధారావాహిక 'ఫాల్టీ టవర్స్' 1975లో ఆరు, 1979లో ఆరు, వెరసి 12 ఎపిసోడ్‌లు మాత్రమే. ఒక్కొక్కటి అరగంట చొప్పున ఆరేడు గంటల్లో అయిపోతుంది. 1994 నుంచి 2004 దాకా నడిచిన 'ఫ్రెండ్స్'కు 236 ఎపిసోడ్‌లు ఉన్నాయి. ఒక్కొక్కటి 22 నిమిషాలనుకున్నా మొత్తం 86 గంటలు దాటుతుంది, అంటే రోజుకో గంట చొప్పున చూస్తే దాదాపు మూడు నెలలు. గంభీరమైన కథల్లోనూ ఇంతే అంతరం ఉంది. 2019లో వచ్చిన 'చెర్నోబిల్' అయిదు ఎపిసోడ్‌లలో ముగిసింది. 2008లో మొదలైన 'బ్రేకింగ్ బ్యాడ్' 2013లో ముగిసేసరికి 62 ఎపిసోడ్‌లయింది. మొత్తం చూడడానికి 50 గంటలకు కాస్త తక్కువ పడుతుంది. ఇలాంటివి నాలుగు ఒకే పట్టికలో పక్కపక్కనే ఉండి, నాలుగింటికీ నాలుగేసి స్టార్లు ఉంటే చదివేవారికి తెలిసేది ఏమిటి? పరీక్షలు దగ్గర పడుతున్న పిల్లలున్న ఇంటికి వీటిలో ఒకటి పనికొస్తుంది, ఉద్యోగ విరమణ చేసి తీరిక దొరికిన దంపతులకు మరొకటి పనికొస్తుంది. ఆ తేడాను స్టార్లు చెప్పలేవు. నెట్‌ఫ్లిక్స్ సంస్థే 2017లో అయిదు స్టార్ల పద్ధతిని తీసేసి, నచ్చిందా నచ్చలేదా అని చెప్పే బొటనవేలి గుర్తులను తెచ్చింది. స్టార్ల మీద బతికిన వ్యాపారమే వాటిని వదులుకున్నాక పత్రికలు ఇంకా పట్టుకుని ఉండడంలో అర్థం కనిపించదు.

పత్రిక చెప్పకపోతే ఏమవుతుందంటే, ఎంపిక తెర ముందే జరుగుతుంది. అది ఎలా జరుగుతుందో మీ పాఠకులందరికీ తెలిసినదే అయినా ఒకసారి దగ్గర నుంచి చూడడం అవసరం. ఒకరి చేతిలో రిమోట్ ఉంటుంది. బొమ్మల వరుస కుడివైపుకు జరుగుతుంది, ఆపైన కిందికి జరుగుతుంది. ఏ బొమ్మ మీద ఆగినా రెండు క్షణాల్లో దాని ట్రైలర్ దానంతటదే మొదలై గదంతా మోగుతుంది. "ఇది వద్దు, తర్వాతది చూడు" అని ఒకరంటారు, "ఇంతకు ముందుది మళ్లీ పెట్టు" అని ఇంకొకరంటారు, మూడోవారు ఈలోగా ఫోన్ తీస్తారు. అరగంట గడిచాక అందరికన్నా ముందు విసిగిపోయిన మనిషి ఒప్పుకున్నదేదో మొదలవుతుంది. అలా మొదలైనదాన్ని ఆ ఇల్లు ఎంచుకుందని అనలేం. ఆ వరుసలు ఒక్కో ఖాతాకు ఒక్కోలా పేర్చి ఉంటాయి. ఒకే సిరీస్‌కు వేర్వేరు ప్రేక్షకులకు వేర్వేరు బొమ్మలు చూపుతామని నెట్‌ఫ్లిక్స్ తన సాంకేతిక వ్యాసాల్లో 2017లోనే వివరించింది. ప్రేమకథలు ఎక్కువగా చూసినవారికి ఒక సిరీస్‌లోని జంట కనిపిస్తే, హాస్యం ఎక్కువగా చూసినవారికి అదే సిరీస్‌లోని హాస్యనటుడు కనిపించవచ్చు. బొమ్మను చూసి కథ స్వభావాన్ని ఊహించడం ఇందువల్లే కుదరదు. ఆ బొమ్మ మన నిన్నటి అలవాటును చెబుతుంది, రేపు చూడబోయే కథను చెప్పదు.

ఇక మొదలైన తర్వాత సంగతి. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' మొదటి సీజన్ 13 ఎపిసోడ్‌లనూ ఒకే రోజున విడుదల చేసింది. వారం వారం ఎదురుచూసే పని లేకుండా పోయిందని అప్పట్లో అందరూ సంతోషించారు. ఎదురుచూపుతో పాటు ఇంకొకటి కూడా పోయింది. ఒక ఎపిసోడ్ అయ్యాక ఇది మనకు నచ్చుతోందా, కొనసాగించాలా అని ఇంట్లోవాళ్లు మాట్లాడుకునే వ్యవధి పోయింది. ఇప్పుడు పేర్లు పడడం మొదలవగానే అవి ఒక మూలకు కుంచించుకుపోతాయి, తర్వాతి ఎపిసోడ్‌కు అంకెలు వెనక్కి లెక్కపెడతాయి, ఎవరూ ఏమీ నొక్కకపోతే అది మొదలైపోతుంది. నిద్ర కూడా తమకు పోటీయేనని అదే సంస్థ అధిపతి 2017లో బహిరంగంగానే అన్నారు. దీనికి పూర్తి భిన్నమైన పద్ధతి ఒకటి మనకు తెలుసు. 1984లో దూరదర్శన్‌లో మొదలైన 'హమ్ లోగ్'లో ప్రతి ఎపిసోడ్ చివరా నటుడు అశోక్ కుమార్ తెర మీదికి వచ్చి, ఆ రోజు జరిగిన కథ గురించి ప్రేక్షకులతో నాలుగు మాటలు మాట్లాడేవారు. కథ అంతటితో ఆగేది, చూసినవాళ్లు ఆ నాలుగు మాటలు పట్టుకుని తమలో తాము మాట్లాడుకునేవారు. ఆ కాలమే మేలని నేను అనడం లేదు. ఎంచుకోవడానికి అప్పుడు అసలు ఏమీ ఉండేది కాదు. కానీ ఎపిసోడ్‌కూ ఎపిసోడ్‌కూ నడుమ ఉండే ఆ ఖాళీలోనే ఎంపిక మళ్లీ మళ్లీ జరుగుతుంది. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవకుండా ఆపే మీట నెట్‌ఫ్లిక్స్ ప్రొఫైల్ సెట్టింగ్‌లలో ఉంది. ట్రైలర్లు వాటంతటవే ఆడకుండా ఆపుకునే వీలును కూడా ఆ సంస్థ 2020లో కల్పించింది. ఈ రెండింటి గురించి మీ పేజీలో ఒక్కసారి చిన్న పెట్టెలో రాసినా చాలా ఇళ్లకు ఉపకారం జరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాటకీయమైన కథనూ హాస్యాన్నీ ఒకే రీతిగా ఎంచుకోవడం కుదరదని నా అనుభవం. గంభీరమైన కథను దాని ముగింపును బట్టి ఎంచుకోవాలి, హాస్యాన్ని దాని నడిమి భాగాన్ని బట్టి ఎంచుకోవాలి. సమీక్షకులు మాత్రం రెండింటినీ మొదటి రెండు మూడు ఎపిసోడ్‌లు చూసి తేల్చేస్తున్నారు. విడుదలైన రోజునే సమీక్ష రావాలన్న తొందరలో వారికి అంతకన్నా వ్యవధి ఉండదు, అది నాకు తెలుసు. దాని ఫలితం మాత్రం పాఠకులు అనుభవిస్తున్నారు.

గంభీరమైన కథ సంగతి ముందుగా చూద్దాం. ఇలాంటి కథ ప్రతి ఎపిసోడ్‌లోనూ మనకు ఒక బాకీ పడుతుంది. ఎవరు చంపారో, ఆ ఉత్తరం ఎవరు రాశారో, తండ్రి ఎందుకు ఇల్లు వదిలి వెళ్లాడో చెబుతానని మాట ఇస్తుంది. ఆ మాట నిలబెట్టుకుంటుందో లేదో తెలిసేది చివరలోనే. 'డాలస్' ధారావాహికలో 1980 మార్చిలో ప్రధాన పాత్రను ఎవరో కాల్చారు. కాల్చింది ఎవరో అమెరికా ప్రేక్షకులకు తెలిసింది ఆ ఏడాది నవంబరు 21న. అన్ని నెలలు ఆగినవారికి కనీసం జవాబు దొరికింది. 1990లో మొదలైన 'ట్విన్ పీక్స్' విషయంలో అదీ దక్కలేదు. 1991 జూన్‌లో కథానాయకుడిని ఘోరమైన స్థితిలో వదిలేసి అది ఆగిపోయింది, సిరీస్ రద్దయింది. మళ్లీ కొనసాగింపుగా 18 ఎపిసోడ్‌లు వచ్చింది 2017లో. ఈ రెండూ గొప్ప పేరు తెచ్చుకున్నవే. పేరు తెచ్చుకోకుండా ఒక్క సీజన్‌తో ఆగిపోయి, కథ నడివీధిలో నిలిచిపోయినవి ఈ రోజుల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. చూసేవాళ్లు తగ్గారని రద్దు చేసే హక్కు సంస్థకు ఉంది. అది రద్దయిన సిరీస్ అని మొదలుపెట్టే ముందే తెలుసుకునే హక్కు చూసేవారికీ ఉంది. ఆ మాట సంస్థలు తమ వేదిక మీద ఎక్కడా రాయవు, రాస్తాయని ఆశించలేం కూడా. అందుకే పత్రిక రాయాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ముగింపు గురించి మాట్లాడితే కథ బయటపడిపోతుందని, చూడబోయేవారి ఆనందం పోతుందని సమీక్షకులు వెనకాడతారు. ముగింపు ఏమిటో చెప్పమని నేను కోరడం లేదు, ముగింపు ఉందో లేదో చెప్పమంటున్నాను. ఈ సీజన్‌లో లేవనెత్తిన ప్రధానమైన ప్రశ్నకు ఈ సీజన్‌లోనే జవాబు దొరుకుతుందా, లేక వచ్చే ఏడాదికి వాయిదా పడుతుందా అన్న ఒక్క వాక్యంతో ఏ రహస్యమూ బయటపడదు. ఒకే సీజన్‌గా ముందే అనుకుని రాసిన కథకూ, ఆదరణ చూసుకుంటూ పొడిగించుకుంటూ పోయే కథకూ రాతలోనే తేడా ఉంటుంది. మొదటి రకంలో రచయితకు గమ్యం తెలుసు కాబట్టి రెండో ఎపిసోడ్‌లో బల్ల మీద కనిపించిన వస్తువుకు ఏడో ఎపిసోడ్‌లో పని ఉంటుంది. కొరియా ధారావాహికల్లో ఎక్కువ భాగం సుమారు గంట నిడివి గల 16 ఎపిసోడ్‌లుగా, ఒకే సీజన్‌లో ముగిసేలా వచ్చేవి. భాష తెలియని దేశాల్లో కూడా వాటిని ఇంత ప్రేమగా చూడడానికి, ఈ కథ ముగుస్తుందన్న భరోసా కూడా ఒక కారణమని నేను అనుకుంటాను. రెండో రకంలో, ముఖ్యంగా రోజూ వచ్చే సీరియళ్లలో, ఒకవైపు ప్రసారం జరుగుతుండగానే మరోవైపు రాత సాగుతుంటుంది. రేటింగ్ పెరిగితే పెళ్లి వాయిదా పడుతుంది, తగ్గితే చనిపోయిన మనిషి తిరిగి వస్తాడు. అలాంటి సీరియళ్లను చూడవద్దని చెప్పేవారితో నాకు పేచీ ఉంది. ఒంటరిగా ఉండే పెద్దవారికి రోజూ ఒకే సమయానికి పలకరించే పాత్రలు నిజంగానే తోడు, ముగింపు లేకపోవడమే వాటి ప్రయోజనం. అయితే దాన్ని తోడుగా ఎంచుకోవడం వేరు, ముగింపు వస్తుందేమోనని ఏళ్ల తరబడి ఎదురుచూడడం వేరు. ఏది ఏ రకమో మొదట్లోనే తెలియాలి.

హాస్యం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. హాస్య ధారావాహికను మొదటి ఎపిసోడ్ చూసి నిర్ణయించడం దానికి అన్యాయం చేయడమే. మొదటి ఎపిసోడ్‌లో పాత్రలెవరో మనకు తెలియదు. వీడు పిసినారి, ఆమెకు ముక్కు మీద కోపం, ఇతనికి అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి అని తెలిశాకనే, వాళ్లు ఊరికే తలుపు తీసుకుని లోపలికి వచ్చినా నవ్వు వస్తుంది. 'సైన్‌ఫెల్డ్' మొదటి ఎపిసోడ్ 1989 జులై 5న ప్రసారమైంది. దాన్ని ముందుగా చూపించిన ప్రేక్షకుల స్పందన ఎంత నిరాశగా వచ్చిందంటే, ఎన్‌బీసీ చానల్ మరో నాలుగు ఎపిసోడ్‌లకు మాత్రమే ఒప్పుకుంది. ప్రధాన పాత్రల్లో ఒకరైన ఎలేన్ ఆ మొదటి ఎపిసోడ్‌లో అసలు లేనే లేదు. అదే సిరీస్ 1998 దాకా 180 ఎపిసోడ్‌లు నడిచి, అమెరికా టీవీ హాస్యంలో చెప్పుకోదగ్గవాటిలో ఒకటిగా నిలిచింది. 'ది ఆఫీస్' అమెరికన్ రూపం 2005లో మొదలైనప్పుడు తొలి ఎపిసోడ్ బ్రిటిష్ మూలాన్ని దాదాపు సన్నివేశానికి సన్నివేశంగా అనుకరించింది. ఆరు ఎపిసోడ్‌ల ఆ చిన్న సీజన్ దాటాక గానీ అది తన సొంత నడక పట్టుకోలేదు. 2013 దాకా మొత్తం 201 ఎపిసోడ్‌లు సాగింది. ఈ రెండింటినీ మొదటి ఎపిసోడ్‌తోనే కొలిచిన సమీక్షను నమ్మి వదిలేసినవారు ఎంత పోగొట్టుకుని ఉంటారో ఊహించండి.

తెలుగులో దీనికి మంచి ఉదాహరణ 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం'. అందులో ప్రధాన పాత్ర అమృతరావును కాలక్రమంలో ఒకరి తర్వాత ఒకరుగా వేర్వేరు నటులు పోషించారు. గంభీరమైన కథలో నాయకుడి ముఖం మారితే చూసేవారికి నమ్మకం పోతుంది. 'అమృతం'లో మాత్రం అమృతరావు ముఖం మారినా అతనికీ అతని స్నేహితుడు ఆంజనేయులుకీ మధ్య నడిచే తతంగం మారలేదు కాబట్టి జనం నవ్వుతూనే ఉన్నారు. ఇప్పటికీ ఎక్కడో మధ్యలోని ఒక ఎపిసోడ్ పెట్టుకుని, ముందు వెనకలు తెలియకపోయినా హాయిగా నవ్వుకోగలగడమే దాని బలం. హాస్యానికి పరీక్ష ఇదే. రెండో సీజన్ నడుమ నుంచి ఏదో ఒక ఎపిసోడ్ తీసి చూడాలి. దానికి నవ్వు వస్తే అప్పుడు మొదటికి వెళ్లాలి. గంభీరమైన కథతో ఈ పని చేయకూడదు, చేస్తే కథ చెడుతుంది. కొత్త హాస్య సిరీస్ మీద విడుదల రోజున రాసిన సమీక్షకు తోడు, సీజన్ సగమయ్యాక ఇంకో నాలుగు వాక్యాలు రాయమని మీ సమీక్షకులను కోరుతున్నాను.

హాస్యం విషయంలో సమీక్షలు ఎప్పుడూ పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది, అది నవ్వుల శబ్దం. 1950లలో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్‌లో సౌండ్ ఇంజినీరుగా పనిచేసిన చార్లీ డగ్లస్ అనే ఆయన రకరకాల నవ్వులను టేపుల మీద పట్టి, మీటలు నొక్కితే కావలసినంత నవ్వు వచ్చే యంత్రాన్ని తయారు చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు అమెరికన్ హాస్యానికి ఆ నవ్వు తప్పనిసరి అయింది. 1972 నుంచి 1983 దాకా నడిచిన 'మ్యాష్' కొరియా యుద్ధంలోని సైనిక వైద్యశిబిరం నేపథ్యంలో సాగుతుంది. నవ్వుల శబ్దం ఉండి తీరాలని చానల్ పట్టుబట్టింది, వద్దని నిర్మాతలు పట్టుబట్టారు. చివరకు శస్త్రచికిత్స గదిలో జరిగే సన్నివేశాలకు నవ్వులు ఉండకూడదని రాజీ కుదిరింది. గుడారం బయట డాక్టర్లు వేళాకోళం ఆడుకుంటుంటే ఎక్కడి నుంచో జనం నవ్వుతారు, అదే డాక్టర్లు మాస్కులు కట్టుకుని బల్ల మీది సైనికుడి మీదికి వంగి అదే ధోరణిలో మాట్లాడుతుంటే నిశ్శబ్దంగా ఉంటుంది. బీబీసీ ఆ నవ్వులన్నీ తీసేసి ప్రసారం చేసింది కాబట్టి బ్రిటన్ ప్రేక్షకులు చూసిన 'మ్యాష్' మరింత గంభీరమైనది. సంభాషణ ఒక్కటే, నటన ఒక్కటే, అయినా ఇంట్లో కూర్చుని చూసేవారికి రెండూ ఒకటి కావు. ఇతరుల నవ్వు వినబడితే గదిలో సందడి ఉన్నట్టు అనిపించి ఇష్టపడేవారున్నారు, ఎక్కడ నవ్వాలో ఎవరో చెబుతున్నట్టు చిరాకుపడేవారూ ఉన్నారు. నేను రెండో కోవకు చెందుతాను, మా అత్తగారు మొదటి కోవకు చెందుతారు. సమీక్షలో ఆ ఒక్క ముక్క ఉంటే మా ఇద్దరికీ ఏది సరిపడుతుందో ముందే తెలుస్తుంది.

గదిలో ఎవరెవరు ఉన్నారన్నది ఎంపికలో పెద్ద భాగం. వయసు గుర్తు ఆ పనంతా చేస్తుందని చాలామంది నమ్ముతారు. ఫలానా వయసు దాటినవారికి అన్న గుర్తు ఎవరికి తగదో చెబుతుందే గానీ ఎవరికి నచ్చుతుందో చెప్పదు. పైగా ఒకే గుర్తు కింద ఒకదానిలో బూతులు, ఇంకొకదానిలో రక్తపాతం, మరొకదానిలో పసిపిల్ల మరణం ఉంటాయి. మాటల్లో మొరటుతనాన్ని పట్టించుకోని మనిషి, ఆసుపత్రి సన్నివేశాన్ని చూడలేకపోవచ్చు. ఇంట్లో ఈ మధ్యే ఎవరినో పోగొట్టుకున్నవారికి ఏ ఎపిసోడ్‌లో ఏముందో తెలియడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. చెవి సరిగా వినబడని పెద్దవారికి మాటల వేగం ముఖ్యం; ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అందుకునే హాస్యం వారికి అందదు, పాత్రలు ఎదురెదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడే కథ అందుతుంది. అందరూ రోజూ ఒకే వేళకు కూర్చోలేని ఇంట్లో ఏ ఎపిసోడ్‌కు ఆ ఎపిసోడ్ పూర్తి కథగా ఉండేవి మేలు. శంకర్ నాగ్ దర్శకత్వం వహించిన 'మాల్గుడి డేస్'లోని చాలా కథలు అలాంటివే, 1980ల చివరలో పోలండ్ టెలివిజన్ కోసం తీసిన పది భాగాల 'డెకలాగ్' కూడా అలాంటిదే. వీటిలో నిన్నటి భాగం చూడనివారు ఈ రోజు వచ్చి కూర్చున్నా ఎవరినీ ఏమీ అడగనవసరం లేదు. కథ మధ్యలో "ఇతనెవరు?" అని అడిగేవారి మీద మిగతావాళ్లు విసుక్కోవడం ఎన్ని ఇళ్లలో జరుగుతోందో ఆలోచిస్తే, ఇది ఎంత పెద్ద సౌకర్యమో తెలుస్తుంది.

మా ఇంట్లో టీవీ పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ఎవరైనా ఫలానాది బాగుందని చెబితే అందులో దాని పేరు, ఎన్ని ఎపిసోడ్‌లు, ముగిసిందా లేదా, ఇంట్లో ఎవరెవరు కలిసి చూడవచ్చు, అలసిపోయిన రాత్రికి పనికొస్తుందా లేక సెలవు రోజుకు ఉంచుకోవాలా అని రాసుకుంటాం. రాత్రి ఆ పుస్తకం తెరిచి ఒకటి తేల్చుకున్నాకనే టీవీ పెడతాం. ముందు గొడవగా అనిపించిన ఈ పద్ధతికి పిల్లలే ఇప్పుడు ఎక్కువగా అలవాటు పడ్డారు. తాము రాసిన పేరు ఎప్పుడు వస్తుందా అని చూస్తుంటారు. కానీ ఆ గడులు నింపడానికి కావలసిన సమాచారం కోసం నాలుగు చోట్ల వెతకవలసి వస్తోంది, ఆ వెతుకులాటలో చదవకూడని కథా రహస్యాలు కూడా కళ్లబడుతున్నాయి. ఒక పత్రిక తలచుకుంటే ఇదంతా ప్రతి పేరు కిందా రెండు పంక్తుల్లో ఇవ్వగలదు.

కాబట్టి నా విజ్ఞప్తి ఇది. వారాంతపు పట్టికలో ప్రతి సిరీస్‌కూ మొత్తం ఎపిసోడ్‌ల సంఖ్య, ఒక్కొక్కదాని నిడివి తప్పకుండా వేయండి. పాత సిరీస్ అయితే అది పూర్తయిందో, కొనసాగుతోందో, కథ ముగియకుండానే ఆగిపోయిందో రాయండి. వరుసగా చూడవలసినదో, ఎక్కడి నుంచైనా మొదలుపెట్టవచ్చో చెప్పండి. స్టార్లు తీసేస్తే ఆ చోటు దీనికి సరిపోతుంది. వారానికి ఒక్కసారైనా కొత్త విడుదలను పక్కనపెట్టి, పదేళ్లో ఇరవయ్యేళ్లో కిందట పూర్తయిపోయిన ఒక మంచి సిరీస్ గురించి రాయండి. పూర్తయినదాని మీద సమీక్షకుడు చివరి దాకా చూసి నిబ్బరంగా మాట్లాడగలడు, చూసేవారికీ రేపు రద్దవుతుందేమోనన్న బెంగ ఉండదు. కొత్తదే ఎందుకు చూడాలన్న ప్రశ్నకు ఇప్పటిదాకా నాకు ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు.

చివరగా, డబ్బింగ్ గురించి. ఇతర భాషల సిరీస్‌లు ఇప్పుడు తెలుగు మాటలతో విరివిగా వస్తున్నాయి, మీ పట్టికలో 'తెలుగులోనూ లభ్యం' అన్న మాట మాత్రమే ఉంటోంది. ఆ తెలుగు ఎలా ఉందో ఎవరూ చెప్పడం లేదు. గంభీరమైన కథలో డబ్బింగ్ ఒక మోస్తరుగా ఉన్నా దృశ్యం కథను మోస్తుంది. హాస్యంలో అలా కుదరదు. పెదవులు ఆగిపోయాక కూడా తెలుగు వాక్యం ఇంకా నడుస్తూ ఉంటే చమత్కారం అక్కడే చచ్చిపోతుంది. సబ్‌టైటిల్స్‌తో చూద్దామంటే వేరే చిక్కు: నటుడు మాట సగంలో ఉండగానే చివరి మాట తెర అడుగున కనబడుతుంది, త్వరగా చదివేవారు ముందే నవ్వేస్తారు, నిదానంగా చదివేవారు దృశ్యం మారాక నవ్వుతారు, చదవలేనివారు మిగతావాళ్ల ముఖాలు చూస్తారు. ఒకే గదిలో కూర్చుని ముగ్గురూ మూడు వేర్వేరు క్షణాల్లో నవ్వితే కలిసి చూసినట్టు కాదు. మంచి డబ్బింగ్ రాసేవారు తెలుగులో ఉన్నారు. ఏ సిరీస్‌లో మాటలు వినసొంపుగా ఉన్నాయో చూసినవాళ్లం మాలో మేము చెప్పుకుంటూనే ఉన్నాం. వారి పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు, ఎపిసోడ్ చివర పడినా అవి మూలకు కుంచించుకుపోయే ఆ కొద్ది క్షణాల్లో కొట్టుకుపోతాయి. డబ్బింగ్ సిరీస్ సమీక్షించినప్పుడల్లా తెలుగు సంభాషణలు రాసినవారి పేరును నటీనటుల పేర్లతో పాటు ప్రచురించండి, ఆ మాటలు ఎలా ఉన్నాయో రెండు వాక్యాలు రాయించండి. ఒకరి రాత బాగుందని తెలిస్తే వారు రాసిన తర్వాతి సిరీస్‌ను మేము పేరు చూసి ఎంచుకుంటాం.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు